బొక్కకు పట్టిన చీము, రిజిస్టర్‌కు దొరకని మనిషి

(హనుమకొండలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, స్టాఫ్ నర్సులు, మెడికల్ రికార్డుల సిబ్బంది ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో రికార్డు సెక్షన్ వాళ్ళు ఉన్నట్టున్నారు, కొంచెం ముందుకొచ్చి కూర్చోండి. ఈ గంటలో సగం మీ పని గురించే. మిగతా సగం పీహెచ్‌సీ డాక్టర్ల గురించి, సిస్టర్ల గురించి. థియేటర్ సంగతులు తక్కువే మాట్లాడతాను. బొక్కకు చీము పట్టిన మనిషి ఆపరేషన్ బల్ల మీదికి చేరేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

పుస్తకంలో దీని పేరు ఆస్టియోమైలైటిస్. మన ఓపీలో ఆ మాట ఎవరూ అనరు. "బొక్కకు చీము పట్టింది సారూ", "రాడ్ వేసిన కాడ రసి కారుతుంది", "అరికాలు పుండు మానుతలేదు", "పోరడు కాలు కింద పెడ్తలేడు" అంటారు. నాలుగూ ఒకే జబ్బు కావచ్చు. కానీ నాలుగూ నాలుగు వార్డులకు పోతాయి, నాలుగు పేర్లతో రిజిస్టర్‌లో ఎక్కుతాయి. సంవత్సరం చివర "ఎముకల ఇన్‌ఫెక్షన్లు ఎన్ని?" అని ఎవరైనా అడిగితే మనం చెప్పే అంకె అందుకే గట్టిగా నిలబడదు.

లెక్కల్లోకి వెళ్ళేముందు ఎముక లోపల ఏం జరుగుతుందో చూద్దాం, లేకపోతే లెక్క అర్థం కాదు. క్రిమి మూడు దారుల్లో చేరుతుంది. రక్తంలో కొట్టుకొచ్చి చేరేది ఒకటి, పిల్లల్లో ఎక్కువ ఇదే. చర్మం చీలి ఎముక బయటపడ్డప్పుడో, ప్లేటో రాడ్డో వేసినప్పుడో నేరుగా చేరేది రెండోది. స్పర్శ, రక్తప్రసరణ తగ్గిన పాదంలో పుండు లోతుకు దిగి ఎముకను తాకేది మూడోది, అది షుగర్ వాళ్ళది. ఏ దారిన వచ్చినా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమిదే పెద్ద వాటా.

మూలుగలో చీము చేరితే ఒత్తిడి పెరుగుతుంది. కండ అయితే ఉబ్బి చోటిస్తుంది, ఎముక గట్టి గొట్టం, ఇవ్వదు. చీము సన్నటి కాలువల్లోంచి పైకి తోసుకొచ్చి ఎముక మీది పొరను ఎత్తేస్తుంది. లోపలి రక్తమూ ఆగి, పై పొర నుంచి వచ్చే రక్తమూ ఆగి, ఆ మేరకు ఎముక చచ్చిపోతుంది. ఆ చచ్చిన ముక్కే సీక్వెస్ట్రం. రక్తం పోని చోటికి మందూ పోదు. క్రిములు ఆ ముక్క మీద, ప్లేటు మీద, స్క్రూల మీద జిగురు పొర కట్టుకొని కూర్చుంటాయి. యాంటీబయాటిక్ వేసినన్నాళ్ళు రసి ఆగుతుంది, ఆపిన కొన్నాళ్ళకు మళ్ళీ పొక్క పడుతుంది. పదేళ్ళ తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. కాబట్టి ఈ జబ్బులో అడ్మిషన్ల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. టైఫాయిడ్‌కు ఈ రెండూ దాదాపు ఒకటే. ఇక్కడ కాదు.

మంచి లెక్క ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఓమ్‌స్టెడ్ కౌంటీలో 1969 నుంచి 2009 వరకు కొత్తగా ఆస్టియోమైలైటిస్ వచ్చిన 760 మందిని ఒక్కొక్కరి ఫైలు తీసి చూశారు. ఏడాదికి లక్ష మందిలో సగటున 21.8 మంది. మొదటి పదేళ్ళలో 11.4 ఉన్నది, 2000-2009 నాటికి 24.4 అయింది. పిల్లల్లో, యువకుల్లో పెద్దగా మారలేదు. 60 దాటినవాళ్ళలో దాదాపు మూడు రెట్లయింది. మొత్తం జనాభాలో షుగర్‌తో ముడిపడ్డవి లక్షకు 2.3 నుంచి 7.6కు పోయాయి. అంత నికరంగా ఎలా చెప్పగలిగారంటే, ఆ కౌంటీలో ఏ ఆసుపత్రికి పోయినా ఒక మనిషి రికార్డులన్నీ ఒకచోట జతపడే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. ఆ లెక్క వెనక ఉన్నది గొప్ప యంత్రమేమీ కాదు, ఫైళ్ళను జతచేసిన గుమాస్తాలు.

ఆ రేటును తెచ్చి ఇక్కడ అతికిద్దామా? 2011 జనగణనలో పాత వరంగల్ జిల్లా జనాభా 35.12 లక్షలు. 21.8తో గుణిస్తే ఏడాదికి 766 మంది. కూడిక, గుణకారం సరిగానే ఉన్నాయి, అంకె మాత్రం మనది కాదు. మన దగ్గర ముసలివాళ్ళ వాటా తక్కువ, ఆ మేరకు తగ్గాలి. టూ వీలర్ల మీద విరిగిన కాళ్ళు ఎక్కువ, క్షయ ఎక్కువ, చెప్పుల్లేకుండా పొలంలో దిగే పాదాలు ఎక్కువ, ఆ మేరకు పెరగాలి. ఎవరైనా సెమినార్‌లో ఈ 766ను "మన జిల్లా భారం" అని స్లైడ్ మీద వేస్తే అక్కడే ఆపండి.

మరి మన దగ్గరున్నవి డిశ్చార్జి షీట్లు. వాటిలో కేసు ఎక్కడ దాక్కుంటుందో చూద్దాం. జబ్బులకు కోడ్లిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-10లో ఆస్టియోమైలైటిస్ కోడ్ ఎం 86. చాలామంది ఆ ఒక్క కోడ్ కొట్టి, వచ్చిన అంకె రాసుకొని లేచిపోతారు. వెన్నెముకకు పడితే అది ఎం 46.2లో ఉంటుంది. దవడకు పడితే కె 10.2, అది డెంటల్ వాళ్ళ దగ్గర. ఎముక క్షయ ఎ 18.0. ప్లేటు, రాడ్ చుట్టూ చీము పడితే టి 84.6, మార్చిన కీలు చుట్టూ అయితే టి 84.5. షుగర్ పాదం ఇ 11లో కలిసిపోతుంది, కింద ఎముక కుళ్ళిన సంగతి రెండో నిర్ధారణగా రాస్తే కనిపిస్తుంది, రాయకపోతే లేదు.

ఇంకొకటి ఉంది, అదే అన్నిటికంటే గడుసుది. డిశ్చార్జి షీటు మీద ఇలా ఉంటుంది: "ఓల్డ్ ఆపరేటెడ్ ఫ్రాక్చర్ లెఫ్ట్ టిబియా విత్ ఇంప్లాంట్ ఇన్ సిటు. ఇంప్లాంట్ ఎగ్జిట్ డన్." అంటే ఎడమ ముంగాలి ఎముక విరిగినప్పుడు వేసిన రాడ్ లోపలే ఉంది, దాన్ని తీసేశాం. అంతే. రసి కారుతున్నదని, సైనస్, అంటే చీము కారే పొక్క, ఉందని కేస్ షీటులో మూడో పేజీలో రాసి ఉంటుంది. కోడింగ్ చేసే అతని చేతికొచ్చేది పై పేజీ. ఆయన జడ్ 47.0 వేస్తాడు, అంటే పాత ప్లేటు మామూలుగా తీయించుకోవడానికి వచ్చిన మనిషి. ఆయన తప్పేం లేదు, పై పేజీ అదే చెబుతోంది. చీము పట్టి రాడ్ తీయించుకున్న మనిషి, ఆరోగ్యంగా ఉండి రాడ్ తీయించుకున్న మనిషి కంప్యూటర్‌లో ఒకటైపోయారు. ఆరోగ్యశ్రీ క్లెయిముల నుంచి లెక్క తీసేవాళ్ళకూ ఇదే మాట: ప్యాకేజీ పేరు చేసిన పనిని చెబుతుంది, ఎందుకు చేశారో చెప్పదు. హౌస్‌సర్జన్లకు నేను అడిగేది ఒక్క వాక్యం. "ఎందుకు తీశాం" అన్నది పై పేజీలోనే రాయండి.

ఇప్పుడు బోర్డు మీద ఒక లెక్క. ఇది ఏ దవాఖానదీ కాదు, పద్ధతి తెలియడానికి వేసుకున్న అంకెలు. ఒక ఏడాదిలో ఎం 86 కింద 240 డిశ్చార్జిలు అనుకుందాం. మొదటి జల్లెడ: ఒకే మనిషి షీట్లు కలపండి. 150 మంది తేలారు. రెండో జల్లెడ: జబ్బు ఎప్పుడు మొదలైందో చూడండి. 85 మందికి వెనకటి ఏళ్ళలోనే మొదలైంది, కొత్తవాళ్ళు 65. మూడో జల్లెడ: ఊరు చూడండి. 15 మంది మన జిల్లాల వాళ్ళు కాదు, 50 మిగిలారు. ఇప్పుడు మిగతా కోడ్లలో ఇవే మూడు జల్లెడలు పట్టండి. షుగర్ పాదాల్లో 40, ఇంప్లాంట్లలో 20, వెన్నెముకలో 15 అనుకుందాం. మొత్తం 125. ఒకే బిల్డింగ్, ఒకే ఏడాది, 240 అనొచ్చు, 50 అనొచ్చు, 125 అనొచ్చు. మంచాలు, మందులు ఎన్ని కావాలో చెప్పడానికి 240 పనికొస్తుంది. జబ్బు ఎందుకు పుడుతోందో తెలుసుకోవడానికి 125 కావాలి. ఎం 86 మాత్రమే చూసినవాడికి షుగర్ పాదం అసలు కనబడదు, చివరి లెక్కలో మూడో వంతు అదే.

ఒకే మనిషి షీట్లు కలపడం చెప్పినంత సులువు కాదు. కొమురయ్య ఒకసారి కొమ్రయ్య అవుతాడు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఉండదు. వయసు 45 చెప్పిన మనిషి ఎనిమిది నెలలకు 52 చెబుతాడు. ఫోన్ నంబర్ మొదటిసారి కొడుకుది, రెండోసారి అల్లుడిది. 14 అంకెల ఆభా నంబర్, అంటే మనిషి ఆరోగ్య ఖాతా నంబర్, ఉంటే గొడవే లేదు. లేనప్పుడు తండ్రి లేదా భర్త పేరు, ఊరు, మండలం, ఏ ఎముక, కుడా ఎడమా అన్నవి చూడండి. ఎముక, పక్క కలిపి చూస్తే చాలా జతలు తేలిపోతాయి, మనిషి పేరు మారినా ఎడమ కాలు కుడి కాలు కాదు కదా.

ఊరి సంగతి ఎందుకంటే, వరంగల్ పెద్దాసుపత్రి ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచే కాదు, గోదావరి అవతల సిరోంచ వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ వైపు నుంచి కూడా రోగులు వస్తారు. వాళ్ళను పైన లెక్కపెట్టి, కింద వరంగల్ జనాభాతో భాగిస్తే రేటు ఉబ్బుతుంది. మన వాళ్ళు హైదరాబాద్ పోయి చేయించుకుంటే తగ్గుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అనుకోకండి.

సరే, ఇక జబ్బు పుట్టే చోట్లకు వద్దాం. ఇక్కడ పీహెచ్‌సీ వాళ్ళు.

ఎముక విరిగి బయటపడ్డ గాయాలను గస్టిలో-ఆండర్సన్ అని 1976 నుంచి వాడుతున్న పద్ధతిలో గ్రేడ్లు చేస్తారు. ఒక సెంటీమీటర్ లోపు శుభ్రమైన గాయం మొదటి గ్రేడు, చీము పట్టే అవకాశం నూటికి రెండు లోపే. రెండో గ్రేడులో పది వరకు పోతుంది. కండ చితికిన, మట్టి పట్టిన మూడో గ్రేడులో పది నుంచి యాభై వరకు. నాట్ల కాలంలో ట్రాక్టర్ కేజ్‌వీల్ కింద పడ్డ కాలు, గాయం చిన్నగా కనిపించినా, మూడో గ్రేడే అనుకోండి. అసలు గ్రేడు థియేటర్‌లో కడిగాకే తేలుతుంది, పీహెచ్‌సీలో రాసేది అంచనా మాత్రమే.

ఇక్కడ ఫలితాన్ని మార్చేది మొదటి యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడిందన్నది. గాయమైన గంట లోపు వేయడం లక్ష్యం. ఏటూరునాగారం అవతలి ఊళ్ళ నుంచి వరంగల్ చేరడానికే గంట చాలదు, కాబట్టి ఆ సూది పెద్దాసుపత్రి పని అనుకుంటే లెక్క అక్కడే తప్పింది. అలర్జీ ఉందా అని అడిగి, పెద్దవాళ్ళకు సెఫజోలిన్ 2 గ్రాములు నరానికి. గాయం తీవ్రంగా ఉంటే గ్రామ్ నెగటివ్ అనే రకం క్రిములకు కూడా మందు కలపాలి, పొలం మట్టీ పెంటా పట్టి ఉంటే గాలి లేనిచోట పెరిగే క్రిములకూ కలపాలి. టెటనస్ చూడండి. పైపైన కనిపించే గడ్డీ, రాయీ తీసి, సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డ కప్పి, కాలును సాపు చేసి చెక్క కట్టండి. కట్టాక పాదంలో నాడి మళ్ళీ చూడండి. కట్టేముందు ఫోన్‌లో ఒక ఫోటో తీస్తే, దారిలో ఇద్దరు ముగ్గురు కట్టు విప్పి చూసే పని తప్పుతుంది. విప్పిన ప్రతిసారీ వార్డు క్రిములు లోపలికి పోతాయి.

పసుపు, కాఫీ పొడి, పసరు గాయానికి పెట్టుకొని వస్తారు. తిట్టకండి, తిడితే వచ్చేసారి దాస్తారు. చర్మం తెగని చోట పసరు కట్టు వల్ల ఎముక వంకర అతకవచ్చు, బిగుతైతే రక్తం ఆగవచ్చు, అది వేరే సమస్య. చర్మం తెగిన చోట పసరు కట్టు వేస్తే బురద గాయం మూసి పెట్టినట్టే. ఈ రెండింటికీ తేడా ఊళ్ళో ఆశా కార్యకర్తకు తెలిసి ఉంటే చాలు.

రెఫరల్ చీటీ మీద రెండు టైములు రాయండి, గాయమైన టైము, సూది వేసిన టైము. అదే లేకపోతే ఏడాది తర్వాత చీము పట్టినవాళ్ళ ఫైళ్ళు ముందేసుకొని కూర్చున్నా, ఆలస్యం ఎక్కడ జరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఇంప్లాంట్ వేసినవాళ్ళను ఎన్నాళ్ళు చూడాలి? అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ పద్ధతిలో ప్లేటు, రాడ్, కీలు మార్పిడి తర్వాత లోతు చీముకు 90 రోజులు, పైపై చీముకు 30 రోజులు. కుట్లు విప్పే రోజు, అంటే పన్నెండో రోజు, చూసి "ఇన్‌ఫెక్షన్ లేదు" అని రాసుకుంటే రేటు అందంగా ఉంటుంది. ముప్పయ్యో రోజు, తొంభయ్యో రోజు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి: రసి ఉందా, ఎరుపు ఉందా, జ్వరం వచ్చిందా, వేరే చోట చూపించుకున్నారా. నాలుగోదే ముఖ్యం. చీము పట్టినవాళ్ళు ఆపరేషన్ చేసిన చోటికి రావడం మానేస్తారు.

షుగర్ పాదం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, నూటికి 11.4. వీళ్ళలో ఎముక దాకా దిగిన పుండును పట్టుకోవడానికి ఎంఆర్ఐ కోసం ఆగక్కర్లేదు. మొద్దు మొన ఉన్న, స్టెరిలైజ్ చేసిన లోహపు పుల్ల కావాలి. ముందు పుండు చుట్టూ కాయ కట్టిన తోలు తీసేయాలి, అది కప్పి ఉంటే పుండు లోతు తెలియదు. సెలైన్‌తో కడిగి, పుల్లను రెండు వేళ్ళతో తేలికగా పట్టుకొని లోపలికి జారనివ్వాలి, నెట్టకూడదు. కండ, కొవ్వు మెత్తగా తగులుతాయి. ఎముక తగిలితే పుల్ల టక్కున ఆగుతుంది, పలక మీద బలపం గీసినట్టు గరగర చేతికి తెలుస్తుంది. స్పర్శ పోయిన పాదం కాబట్టి రోగికి నొప్పి ఉండదు, దాన్ని చూసి పుండు చిన్నదని అనుకోవద్దు.

ఈ పరీక్షలో ఎపిడెమియాలజీ, అంటే జనంలో జబ్బుల లెక్క, గురించి పాఠం ఒకటి ఉంది. 1995లో ఆసుపత్రిలో చేరిన, చీము పట్టిన పాదాల మీద చేసినప్పుడు, ఎముక తగిలినవాటిలో నూటికి 89 నిజంగా ఎముక ఇన్‌ఫెక్షన్లే. 2007లో అవుట్ పేషెంట్ పుండ్ల మీద చేస్తే అది 57కు పడిపోయింది, కానీ ఎముక తగలకపోతే నూటికి 98 మందికి జబ్బు లేదు. పుల్ల అదే, చేసే పద్ధతీ అదే. మారింది ఎదురుగా కూర్చున్న మనుషులు. అందుకే పీహెచ్‌సీలో ఎముక తగలలేదంటే ధైర్యంగా పుండు మానే వైద్యం చేయండి, తగిలిందంటే ఎక్స్‌రే, ఒంట్లో వాపును చెప్పే రక్త పరీక్ష ఈఎస్ఆర్ తీయించి పంపండి. ఈఎస్ఆర్ 70 దాటితే అనుమానం గట్టిపడుతుంది. మొదటి ఎక్స్‌రే మామూలుగా ఉంటే సంతోషపడి వదలకండి. ఎముకలో ఖనిజం మూడో వంతు నుంచి సగం దాకా పోతే తప్ప ఫిల్మ్‌లో కనబడదు. రెండు మూడు వారాలకు మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఇక కాలి వేలు తీసేస్తే అది "ఆంప్యుటేషన్"గా సర్జరీ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, ఎముక జబ్బు లెక్క నుంచి జారిపోతుంది. వేలుతో పాటు కేసూ పోయింది.

పత్తి ఏరే కాలంలో కట్టె గుచ్చుకొని వచ్చే మడమ పుండ్లు వేరు. రబ్బరు బూటులోంచి మేకు దిగితే ముఖ్యంగా సూడోమోనాస్ అనే క్రిమిని గుర్తుపెట్టుకోండి. మొదట నొప్పి తగ్గినట్టే తగ్గి, వారం పది రోజులకు మళ్ళీ సలుపుడు మొదలైతే ఎముక దాకా పోయిందని అనుకోవాలి.

పిల్లలు. ధనిక దేశాల్లో లక్ష మంది పిల్లల్లో ఏడాదికి ఎనిమిది మందికి వస్తుంది, పేద దేశాల్లో ఇంకా ఎక్కువ. మగపిల్లల్లో రెట్టింపు. తొడ ఎముక, ముంగాలి ఎముక చివరల్లో, ఎదుగుదల పొర పక్కన రక్తం నెమ్మదిగా మలుపు తిరిగే చోట క్రిమి చిక్కుకుంటుంది. తల్లి "ఆడుకుంటూ పడ్డాడు" అంటుంది, నిజమే, ఏ పిల్లాడు పడడు? ఆ మాట పట్టుకొని బెణుకు అని నొప్పి సూది వేయడం, నూనె మర్దన చేయించడం, ఇదే మామూలుగా జరిగే పొరపాటు. జ్వరం ఉండి పిల్లాడు కాలు కింద పెట్టడం లేదంటే అదే రోజు పంపాలి. మొదటి పది రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, రక్త పరీక్షలో సీఆర్‌పీ మాత్రం గంటల్లోనే పెరగడం మొదలుపెడుతుంది. పసిపిల్లలైతే జ్వరం కూడా ఉండకపోవచ్చు, డైపర్ మారుస్తుంటే ఏడుస్తారు, ఒక కాలు కదపరు. వాళ్ళలో చీము తుంటి కీలులోకి తెగబడితే కొద్ది రోజుల్లో కీలు పోతుంది, జీవితాంతం కుంటే. వీలైతే మొదటి మందు కంటే ముందు బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు రక్తం, తీయండి, కానీ పిల్లాడు నీరసించి ఉంటే సీసా దొరకలేదని మందు ఆపకండి.

ఉట్నూరు, ఆసిఫాబాద్, ఏటూరునాగారం వైపు పనిచేసేవాళ్ళకు ఇంకో మాట. గోండు, కోయ గూడేల్లో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్‌సెల్ ఉంది. దేశవ్యాప్త నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది, స్క్రీనింగ్ కార్డులు ఇస్తున్నారు, కార్డు అడగండి. సికిల్‌సెల్ పిల్లల్లో ఎముక నొప్పి చాలాసార్లు రక్తం ఆగి వచ్చేదే, చీము కాదు. చీమైతే మాత్రం స్టాఫిలోకాకస్‌తో పాటు సాల్మొనెల్లాకూ మందు పడాలి. నీళ్ళు ఎక్కించి, నొప్పి మందు ఇచ్చినా జ్వరం దిగక, ఒకే చోట వాపు ఉంటే అనుమానించండి.

వెన్నెముక గురించి తొందరగా. నడుము నొప్పి ఆరు వారాలు దాటి, రాత్రి ఎక్కువై, బరువు తగ్గుతుంటే క్షయ చూడాలి. సూదితో తీసిన కణజాలం సీబీనాట్ అనే క్షయ క్రిమి జన్యు పరీక్షకు, కల్చర్‌కు, బయాప్సీకి మూడింటికీ పోవాలి. గొర్లు, మేకలు కాసేవాళ్ళు, నెలలు నిండకుండా ఈసుకుపోయిన మేక పిల్లను ఒట్టి చేతులతో తీసినవాళ్ళు, పచ్చిపాలు తాగేవాళ్ళు అయితే పశువుల నుంచి అంటే బ్రూసెల్లా క్రిమి పరీక్ష కూడా. క్షయకూ బ్రూసెల్లాకూ వేర్వేరు మందులు, రెండింటిలోనూ రిఫాంపిసిన్ ఉండవచ్చు, కాబట్టి ఏదో తేల్చకుండా మొదలుపెడితే తర్వాత తేలదు.

వానాకాలం, వరి పొలం, షుగర్ ఈ మూడూ కలిస్తే మెలియాయిడోసిస్ గుర్తుకు రావాలి. తడి మట్టిలో ఉండే బర్క్‌హోల్డేరియా సూడోమల్లై అనే క్రిమి అది. ల్యాబ్‌లో సూడోమోనాస్ అని రిపోర్టు వచ్చేస్తుంది. రిపోర్టులోనే ఆనవాలు ఉంటుంది: జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగదు, కో-అమోక్సిక్లావ్‌కు లొంగుతుంది. మామూలు సూడోమోనాస్ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అలాంటి రిపోర్టు కనబడితే ల్యాబ్‌కు ఫోన్ చేసి మళ్ళీ చూడమనండి. ఎముకకు పట్టినప్పుడు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ కనీసం ఆరు వారాలు, ఆ తర్వాత కో-ట్రైమాక్సజోల్ ఆరు నెలలు. మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ఆరు వారాలు సూది మందే ఎక్కించాలా అని అడుగుతున్నారు. మంచాల లెక్కకు ఇది పెద్ద ప్రశ్నే. బ్రిటన్‌లో 1,054 మంది మీద చేసి 2019లో ప్రచురించిన ఓవివా అధ్యయనంలో, వైద్యం మొదలైన వారం లోపే నోటి మాత్రలకు మారినవాళ్ళలో 13.2 శాతం మందికి, సూది మందు కొనసాగించినవాళ్ళలో 14.6 శాతం మందికి వైద్యం విఫలమైంది. అంటే మాత్రలు తక్కువేం కాదు. కానీ షరతులున్నాయి. చచ్చిన ఎముక, చీము తీసి ఉండాలి. క్రిమి ఏదో, ఏ మందుకు లొంగుతుందో తెలిసి ఉండాలి. మనిషి మాత్రలు వేసుకోవాలి. మన దగ్గర ఇంకో షరతు నేను కలుపుతాను: క్షయ కాదని తేల్చకుండా లెవోఫ్లాక్సాసిన్ లాంటివి రాయకండి, రిఫాంపిసిన్ ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. మొదటిది క్షయను కొన్ని వారాలు అణచి కనబడకుండా చేస్తుంది, రెండోది ఆ మందుకే లొంగని క్రిమిని తయారుచేస్తుంది.

పొక్కలోంచి వచ్చే రసిని స్వాబ్‌తో తీసి కల్చర్ పంపితే సరిపోతుందా? సరిపోదు. చర్మం మీద తిరిగే క్రిములు వస్తాయి, లోపలిది వేరు కావచ్చు. రోగి పరిస్థితి నిలకడగా ఉంటే యాంటీబయాటిక్ రెండు వారాలు ఆపి, థియేటర్‌లో లోపలి నుంచి ఐదు ముక్కలు, ఒక్కో ముక్కకు వేరే ఫోర్సెప్స్, వేరే డబ్బా. ఐదింటిలో రెండింట ఒకే క్రిమి పెరిగితే నమ్మండి. ఇంప్లాంట్ కేసైతే ల్యాబ్ వాళ్ళను పద్నాలుగు రోజులు కల్చర్ ప్లేట్లు పారేయవద్దని చెప్పండి, నెమ్మదిగా పెరిగేవి ఉంటాయి.

చివరి ప్రశ్న, సిస్టర్ అడిగినది. డ్రెస్సింగ్ చేస్తుంటే ఎముక ముక్క దానంతట అదే బయటికొస్తే ఏం చేయాలి? ట్రేలో పారేయకండి, రోగికి పొట్లం కట్టి ఇవ్వకండి. ఎంత పొడవుందో స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి, ఎక్స్‌రేలో కనిపించిన ముక్క మొత్తం వచ్చిందా, ఇంకా లోపల మిగిలిందా అన్నది దాంతోనే తేలుతుంది. ఫార్మాలిన్‌లో వేసి బయాప్సీకి పంపండి. బయటపడ్డ ముక్క కాబట్టి కల్చర్‌కు అంత విలువ లేదు. పొక్క చాలా ఏళ్ళ నాటిదై, అంచులు ఈ మధ్యే దొడ్డుగా పెరిగి, వాసన మారి, రక్తం చెమ్మగిల్లుతుంటే, ఆ అంచు నుంచి కూడా ముక్క తీయమని డాక్టర్‌కు చెప్పండి, పాత సైనస్‌లో క్యాన్సర్ పుట్టవచ్చు. డబ్బా మీద పేరు, తేదీ, ఏ ఎముక, ఏ పక్క అన్నది మూత మీద కాదు, డబ్బా ఒంటి మీద రాయండి. ల్యాబ్‌లో మూతలు మారిపోతాయి.